ఈ జీపు ఏ దేశానిది?

(9వ తరగతి విద్యార్థిని)

మన ఏజెన్సీలో కార్ల పేర్లు అందరికీ తెలియకపోవచ్చు గానీ జీపు తెలియనివాళ్ళు లేరు. సంతకి వెళ్ళాలన్నా జీపే, ఆస్పత్రికి వెళ్ళాలన్నా జీపే, పండగ సెలవులకి మనల్ని హాస్టల్ నుంచి ఇంటికి తీసుకెళ్ళేదీ జీపే. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన పసుపు బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఈ జీపు మన దేశానిదా, పరాయి దేశానిదా అని అడిగితే "మహీంద్రా అని రాసుంది కదా, మనదే" అంటారు. సరే, మనదే అనుకుందాం. మరి దానికి జీపు అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధం జరిగేటప్పుడు అమెరికా సైన్యానికి గుట్టలు ఎక్కే, బురదలో కూరుకోని చిన్న బండి కావలసి వచ్చింది. 1941 నుంచి విల్లీస్ అనే కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని టోలెడో ఊళ్ళో ఆ బండ్లు చేసింది. ఒక కంపెనీ చాలక ఫోర్డు కంపెనీ చేత కూడా అదే బండి చేయించారు. అదే జీపు. 1947లో మహీంద్రా వాళ్ళు ఈ విల్లీస్ జీపుల్ని ముక్కలుగా ఓడలో తెప్పించి, బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత తర్వాత ఒక్కొక్క ముక్కా ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. మంచం విప్పి మోసుకొచ్చి మళ్ళీ బిగించినట్టు మొదలైంది. చివరికి మంచం కోళ్ళు, పట్టెలు మన ఊరి వడ్రంగే చెక్కేశాడు. అప్పుడు ఆ మంచం ఎవరిది?

అమెరికాలో ఆ జీపు పేరుకి ఏమైందో చూడండి. విల్లీస్ కంపెనీని 1953లో కైజర్ అనే కంపెనీ కొన్నది. 1970లో అమెరికన్ మోటార్స్ అనే కంపెనీ జీపుని కొన్నది. 1987లో క్రైస్లర్ కొన్నది. 1998లో ఆ క్రైస్లర్ జర్మనీ వాళ్ళ డైమ్లర్‌తో కలిసింది, 2007లో విడిపోయింది. తర్వాత ఇటలీ ఫియట్ చేతికి వచ్చింది. 2021లో ఫ్రాన్స్ కంపెనీతో కూడా కలిసిపోయి స్టెలాంటిస్ అయ్యింది. దాని ప్రధాన కార్యాలయం నెదర్లాండ్స్ దేశంలో ఉంది. అంటే అమెరికా సైన్యం బండి పేరుకి ఇప్పటి యజమాని యూరప్‌లో ఉన్నాడు. మన సంతలో ఒక ఎద్దు ఇన్ని చేతులు మారితే దాని మొదటి రైతు ఎవరో కూడా మరిచిపోతారు. అయినా టోలెడోలో మాత్రం ఇప్పటికీ జీపులు చేస్తూనే ఉన్నారు.

ఇంకో తమాషా ఉంది. 2018లో మహీంద్రా వాళ్ళు రోక్సర్ అనే బండిని అమెరికాలో అమ్మడం మొదలుపెట్టారు. రోడ్డు మీద తిరిగేది కాదు, పొలాల్లో తిరిగేది. ముక్కలు మన దేశం నుంచి వెళ్ళేవి, డెట్రాయిట్ పక్కన ఆబర్న్ హిల్స్‌లో బిగించేవారు. 1947లో జరిగింది తిరగబడింది అన్నమాట. అప్పుడు జీపు పేరు చేతిలో ఉన్న ఫియట్ క్రైస్లర్ వాళ్ళు "ఇది మా జీపు ముఖంలాగే ఉంది" అని అమెరికా వాణిజ్య కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. 2020 జూన్‌లో కమిషన్ ఆ బండి అమ్మకూడదు అంది. మహీంద్రా వాళ్ళు ముందుభాగం మార్చి చూపిస్తే అదే ఏడాది డిసెంబరులో సరే అంది. మరి జీపు పేరున్న కంపాస్ అనే కారుని 2017 నుంచి ఎక్కడ చేస్తున్నారు? మన దేశంలో, పూణే దగ్గర రంజన్‌గావ్‌లో. అక్కడి నుంచి జపాన్, ఆస్ట్రేలియా, ఇంగ్లండులకి కూడా పంపారు. ఆ ఫ్యాక్టరీలో టాటా వాళ్ళకి సగం వాటా ఉంది, టాటా నెక్సాన్ కారు కూడా అక్కడే తయారవుతుంది. ఒకే గేటులోంచి రెండూ బయటికి వస్తాయి, ఒకటి బజారులో విదేశీ కారు, ఒకటి స్వదేశీ కారు. గేటు దగ్గర నిలబడిన వాచ్‌మన్‌కి రెండూ ఒకటే అనుకుంటాను.

ఇలా ఎందుకు కలిసిపోయింది అంటే కారు ఒక వస్తువు కాదు. టయోటా కంపెనీ లెక్క ప్రకారం చిన్న చిన్న స్క్రూలు కూడా లెక్కపెడితే ఒక కారులో దాదాపు 30,000 ముక్కలు ఉంటాయి. ఇన్ని ముక్కలు ఏ కంపెనీ ఒక్కటే చేసుకోదు. కారు కంపెనీ ముఖ్యంగా బొమ్మ గీస్తుంది, రేకుని అచ్చులో నొక్కి తలుపులు, పైకప్పు చేస్తుంది, వాటిని అతుకుతుంది, రంగు వేస్తుంది, చివర అన్నీ బిగిస్తుంది. ఇంజను చాలామంది సొంతంగానే చేసుకుంటారు. దీపాలు, సీట్లు, టైర్లు, అద్దాలు, వైర్లు, బ్రేకులు వేరేవాళ్ళు చేసి ఇస్తారు. ఆ వేరేవాళ్ళకి కూడా ముక్కలు ఇచ్చే ఇంకొకళ్ళు ఉంటారు. దీపం ఒకరు, దీపంలో చిప్పు ఒకరు, చిప్పు చేసే యంత్రం ఇంకో దేశంలో ఒకరు. కాబట్టి "ఈ కారు ఎక్కడిది" అని అడిగితే ముందు "ఏ ముక్క గురించి అడుగుతున్నావు" అని తిరిగి అడగాలి.

ప్రభుత్వాలు అలా అడిగి ఊరుకోలేవు, సుంకం వేయాలి కదా. పూర్తిగా తయారై ఓడలో దిగిన కారుకి మన దేశంలో సుంకం చాలా ఎక్కువ. అదే కారు ముక్కలుగా వచ్చి ఇక్కడ బిగిస్తే తక్కువ. అందుకే పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు ఇక్కడ షెడ్డు వేసి బిగిస్తాయి. అమెరికాలో 1992లో ఒక చట్టం చేశారు. కొత్త కారు అద్దానికి ఒక కాగితం అంటించాలి. ముక్కల్లో ఎంత శాతం అమెరికావి, ఇంజను ఏ దేశానిది, గేరుబాక్సు ఏ దేశానిది, ఏ ఊళ్ళో బిగించారు, అన్నీ అందులో రాయాలి. ఇందులో చిత్రం ఏమిటంటే అమెరికా, కెనడా ముక్కల్ని కలిపి ఒకటిగానే లెక్కపెడతారు. అంటే "మనది" అన్న గీత చట్టంలో రాసేటప్పుడే పక్క దేశంలోకి జరిగిపోయింది! మన ప్రభుత్వం 2021లో కరెంటు బళ్ళ లాంటి కొత్తరకం బళ్ళకి పెట్టిన ప్రోత్సాహక పథకంలో కూడా ఒక గీత ఉంది. బండి విలువలో కనీసం 50 శాతం ఇక్కడే పుట్టి ఉండాలి. ముక్కల్ని కాదు, డబ్బుని లెక్కపెడతారు. వెయ్యి మరలు ఇక్కడ చేసి, ఒక్క ఖరీదైన బ్యాటరీ బయటి నుంచి తెస్తే ఆ మరలు లెక్కలో పెద్దగా కనపడవు.

సుంకం గురించి ఒక కోడి కథ చెప్పాలి, నవ్వుకోండి. 1960లలో యూరప్ దేశాలు అమెరికా కోళ్ళ మీద పన్ను పెంచాయి. కోపం వచ్చి అమెరికా వాళ్ళు 1964 నుంచి బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కులూ సామాను వ్యాన్ల మీద 25 శాతం సుంకం వేశారు. కోళ్ళ గొడవ మరిచిపోయినా సుంకం పోలేదు. మనుషులెక్కే కార్లకి మాత్రం 2.5 శాతమే ఉండేది. ఫోర్డు అమెరికా కంపెనీయే కదా, అది 2009 నుంచి చిన్న వ్యాన్లని టర్కీ దేశంలో చేయించి అమెరికాకి తెచ్చుకుంది. తెచ్చేటప్పుడు వెనక సీట్లు, కిటికీలు పెట్టి "ఇది మనుషులు ఎక్కేది" అని చూపించి 2.5 శాతం కట్టేది. రేవు దాటగానే సీట్లు పీకేసి, కిటికీలకి రేకు కొట్టి సామాను వ్యానుగా అమ్మేది. 2019లో కోర్టు ఇది కుదరదు అంది. 2024లో ఫోర్డు 36.5 కోట్ల డాలర్లు కడతానని ఒప్పుకుంది. అమెరికా కంపెనీ అమెరికాలో పరాయి బండి సుంకం కట్టింది, అదీ కోడి వల్ల.

మన దేశంలో ఎక్కువమంది "మన కారు" అనుకునేది మారుతి. 1983 డిసెంబరులో గుర్‌గావ్ నుంచి మొదటి మారుతి 800 బయటికి వచ్చింది. కంపెనీ ప్రభుత్వానిది, పేరు మన ఆంజనేయస్వామిది, కారు మాత్రం జపాన్ సుజుకీ వాళ్ళది. అప్పుడు సుజుకీకి 26 శాతం వాటా. మొదటి కార్లలో ఎక్కువ ముక్కలు జపాన్ నుంచే వచ్చాయి. ఏళ్ళు గడిచాయి. ముక్కలు క్రమంగా ఇక్కడివి అయ్యాయి, కంపెనీ మాత్రం క్రమంగా అక్కడిది అయ్యింది! 2002లో సుజుకీ వాటా సగం దాటింది, 2007లో మన ప్రభుత్వం మిగిలిన వాటా కూడా అమ్మేసింది. నాకు ఇది చాలా వింతగా ఉంటుంది. ముక్కలన్నీ జపానువి అయినప్పుడు అది ప్రభుత్వ కారు, ముక్కలు మనవి అయ్యాక అది జపాన్ కంపెనీ కారు. 2016 నుంచి ఇక్కడ చేసిన బలేనో కార్లని జపాన్‌కే పంపడం మొదలుపెట్టారు. 2025లో ఇక్కడ చేసిన అయిదు తలుపుల జిమ్నీకి అక్కడ నాలుగు రోజుల్లో 50,000 ఆర్డర్లు వస్తే ఇక చాలు అని ఆపేశారు. జపాన్ వాళ్ళకి సుజుకీ సొంత ఇంటి కంపెనీ, కానీ ఆ కారు దిగుమతి కారు.

అంబాసిడర్ సంగతి ఇంకా పాతది. మంత్రులందరూ ఎక్కిన కారు కాబట్టి అంతకంటే స్వదేశీ ఏముంటుంది అనుకుంటాం. అది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా. 2014లో ఆపేశారు. మళ్ళీ 2008లో టాటా వాళ్ళు జాగ్వార్, ల్యాండ్ రోవర్ అనే ఇంగ్లండు కంపెనీల్ని 230 కోట్ల డాలర్లకి కొన్నారు. అమ్మింది కూడా ఇంగ్లండు వాళ్ళు కాదు, అమెరికా ఫోర్డు.

మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. పెనుకొండ అంటే తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వెళ్ళిపోయి ఉన్న ఊరు, సోషల్ పుస్తకంలో చదివాం. అక్కడ 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2023కి పది లక్షల కార్లు అయ్యాయి. కొరియా నుంచి విడిభాగాల కంపెనీలు కూడా వచ్చి చుట్టుపక్కల షెడ్లు వేసుకున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. జీతం అనంతపురం బజారులో ఖర్చవుతుంది, లాభం కొరియాకి వెళుతుంది. కియాకి అన్నలాంటిది హ్యుండయ్, మద్రాసు దగ్గర శ్రీపెరంబుదూర్‌లో ఉంది. 2024లో హ్యుండయ్ ఇక్కడి కంపెనీలో 17.5 శాతం వాటాని మన దేశం షేర్ మార్కెట్‌లో 27,870 కోట్లకి అమ్మింది. దాంతో ఆ కంపెనీ 17.5 శాతం కొరియా నుంచి జారింది. వచ్చిన డబ్బు మాత్రం మొత్తం కొరియాకి వెళ్ళింది.

మా సోషల్ సారు "ఇదంతా తెలుసుకుని ఏం చేస్తావమ్మా" అని అడిగారు. ఈ గీత మీద మనుషులు చచ్చిపోయారు సార్ అని చెప్పాను. 1982లో డెట్రాయిట్ ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, వేలమందికి పని పోయింది. జపాన్ కార్ల వల్లే అని జనం కోపంగా ఉన్నారు. విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ అబ్బాయి ఉండేవాడు. అతను చైనా జాతివాడు, అమెరికా పౌరుడు, బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పని చేసేవాడు. పెళ్ళి దగ్గరపడింది. జూన్ నెలలో ఒక రాత్రి ఇద్దరు అతనితో గొడవపడి, తర్వాత వెతికి పట్టుకుని బ్యాటుతో తల మీద కొట్టారు. మీ వల్లే మాకు పని లేదు అన్న మాట ఆ గొడవలో అన్నారని సాక్షి చెప్పింది. నాలుగు రోజులకి అతను చనిపోయాడు. కొట్టినవాళ్ళలో ఒకడు క్రైస్లర్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, రెండోవాడు పని పోయినవాడు. రాష్ట్ర కోర్టు ఇద్దరికీ మూడేళ్ళ ప్రొబేషను, తలా 3,000 డాలర్ల జరిమానా వేసింది. తర్వాత పెద్ద కేసు నడిచినా ఒక్కరోజు కూడా శిక్షపడి జైలులో లేరు.

అతను జపానువాడు కాదు. జపానువాడే అయినా కార్లకి అతనికి ఏం సంబంధం? ఇంకా వినండి. ఆ క్రైస్లర్ కంపెనీయే 1970ల నుంచి జపాన్ మిత్సుబిషి చేసిన కార్లని డాడ్జ్ కోల్ట్ అని తన పేరు పెట్టి అమ్ముకుంటోంది. అదే 1982 నవంబరులో ఒహాయోలో హోండా వాళ్ళు అమెరికా కార్మికుల చేత అకార్డ్ కార్లు చేయించడం మొదలుపెట్టారు. అమెరికా పేరు కారు జపాన్‌లో, జపాన్ పేరు కారు అమెరికాలో. మధ్యలో ఒక మనిషి చచ్చిపోయాడు. చైనా ముఖం, జపాన్ ముఖం తేడా తెలియనివాళ్ళకి కారు ఎక్కడిదో మాత్రం తెలుసంట!

మా పెదనాన్న కొడుకు ఐటీఐ చదివి తమిళనాడులో ఒక విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. తలుపు అంచుకి రబ్బరు పట్టీ తొడగడం అతని పని. రోజంతా అదే పట్టీ, అదే తలుపు. 2021లో ప్రపంచమంతా చిప్పులు దొరకలేదు. చిప్పు అంటే గోరంత ఉంటుంది, ఎక్కువగా తైవాన్ దేశంలో చేస్తారు. కరోనా అప్పుడు కార్ల కంపెనీలు ఆర్డర్లు తగ్గించుకున్నాయి, ఆ చిప్పులు ఫోన్లకీ కంప్యూటర్లకీ వెళ్ళిపోయాయి, మళ్ళీ కావాలంటే వరుసలో చివర నిలబడాల్సి వచ్చింది. జపాన్‌లో ఒక చిప్పుల ఫ్యాక్టరీ కూడా ఆ మార్చిలో కాలిపోయింది. చిప్పు లేక కార్లు ఆగాయి, కార్లు ఆగితే తలుపులు ఆగాయి, తలుపులు ఆగితే మా అన్నయ్యని ఇంటికి పంపేశారు. కాంట్రాక్టు వాళ్ళని ముందు పంపుతారు కదా. రెండు నెలలు మా పెద్దమ్మతో కలిసి పోడు చేనులో పని చేశాడు. ఊళ్ళో ఎవరో ఫోటో చూసి "అది పరాయి కారు కదరా" అంటే "తలుపు నేను తొడిగిందే" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. కారు ఎవరిదని చెప్పేటప్పుడు పైన రాసిన పేరు కన్నా ఎవరి కూలి అందులో ఉందో ముందు చూడాలని నా అభిప్రాయం. అమెరికా, కెనడా, మెక్సికో 2020 నుంచి అమలు చేసిన ఒప్పందంలో ఇలాంటి సంగతి కొంచెం ఉంది. సుంకం లేకుండా సరిహద్దు దాటాలంటే కారు విలువలో 75 శాతం ఆ మూడు దేశాలదే కావాలి, అంతే కాదు, దాదాపు 40 శాతం పని గంటకి 16 డాలర్లకి తగ్గకుండా కూలి ఇచ్చే చోట జరగాలి. కూలిని కూడా లెక్కలో పెట్టారు చూశారా!

ముక్కల వెనక ఇంకా వెనక్కి వెళితే రాయి వస్తుంది. మన కె.కె. లైను మీద ఇనుపరాయి గూడ్సు పోతుంటే వ్యాగన్లు లెక్కపెట్టనివాళ్ళు మనలో ఉన్నారా? ఆ రాయి ఛత్తీస్‌గఢ్ బైలాడిలా కొండలది. అక్కడ ఉండేదీ మనలాంటి ఆదివాసీలే. 1960లలో ఆ రైలు మార్గం వేసిందే జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకి రాయి పంపడానికి. కొండలు తొలిచి సొరంగాలు వేశారు, అరకు మీదుగా కొత్తవలసకి దించారు. 1976లో విశాఖలో పెద్ద ఓడలకి అవుటర్ హార్బర్ కట్టారు. జపాన్ వాళ్ళు ఆ రాయితో ఉక్కు చేసి ఓడలు, వంతెనలు, కార్లు చేసుకున్నారు. రైలు కాకుండా బైలాడిలా నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల గొట్టం కూడా ఉంది. ఒడిశా, మన ఏజెన్సీ మీదుగా రాయిపొడి నీళ్ళలో కలిపి పంపుతారు. ఆ గొట్టం కంపెనీని 2019లో లక్సెంబర్గ్ కంపెనీ, జపాన్ కంపెనీ కలిసి కొన్నాయి. ఆ రాయి విశాఖలో ఉండలుగా మారి గుజరాత్ వెళ్ళి అక్కడ రేకులవుతుంది. కార్లకి వాడే రేకు కూడా అక్కడ చేస్తారు. మన విశాఖ ఉక్కు కర్మాగారం ముఖ్యంగా కడ్డీలు, తీగలు చేస్తుంది, కారు రేకు కాదు. అంటే రాయి మన గుమ్మం ముందు నుంచే వెళుతుంది, రేకు మాత్రం మన దగ్గర అవ్వదు.

దీన్ని మన కాఫీతో పోల్చి చూడండి. కాఫీ మొక్క ఇథియోపియాది, నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్టు ఆస్ట్రేలియాది. పళ్ళు కోసేది మన అమ్మలు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం పెట్టారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే వేరేచోట పండినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. మొక్క పరాయిది, తాగేవాడు పరాయివాడు, పేరు మనది. ఇనుముకి అలా లేదు. ఏ కారు మీదా బైలాడిలా అని రాయరు. కాఫీ గింజని గింజగా చూడొచ్చు, రాయి కరిగిపోతుంది కాబట్టి ఏ కొండదో ఎవరికీ కనపడదు.

ఇప్పుడు మీరు చేయగల పని ఒకటి చెబుతాను. ప్రతి బండికీ ఛాసిస్ నంబరు ఉంటుంది, ఆర్.సి. కాగితంలో కూడా రాసి ఉంటుంది. కార్లకీ జీపులకీ మొత్తం 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడరు, అంకెలతో పొరపాటు పడతారని. మొదటి మూడు చూస్తే చేసినవాళ్ళు తెలుస్తారు. ఎం.ఎ.1 అంటే మహీంద్రా, ఎం.ఎ.3 అంటే మారుతి, ఎం.ఎ.టి. అంటే టాటా, ఎం.జెడ్.బి. అంటే పెనుకొండ కియా. ఈ నాలుగూ మన దేశానికి ఇచ్చిన గుర్తులే. కియాకి కొరియా గుర్తు లేదు చూడండి. జపాన్‌లో చేసింది అయితే జె తో, జర్మనీది అయితే డబ్ల్యు తో మొదలవుతుంది. ఆదివారం కూరగాయల బండి వస్తుంది, నెలకోసారి బియ్యం బండి వస్తుంది, జ్వరం వస్తే 108 బండి వస్తుంది. డ్రైవరన్నని మర్యాదగా అడిగితే చూపిస్తాడు. ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. బండి పేరు, మొదటి మూడు అక్షరాలు, చూసినవాళ్ళ తరగతి రాయండి. పెన్సిల్ దారానికి కట్టి ఉంది, పట్టుకెళ్ళొద్దు.